రాత్రి ఇన్సులిన్ మార్చుకున్న వేసవి: నా అనుభవం

నా షుగర్ పుస్తకంలో 2024 ఫిబ్రవరి నెల పేజీలు తిరగేస్తే రెండు నిలువు వరుసలు వెంటనే కంటపడతాయి. రాత్రి మూడు గంటల వరుసలో 58, 61, 49, 66 అన్న అంకెలున్నాయి, ఉండవలసినదానికంటే తక్కువ. రాత్రి ఎనిమిది గంటల వరుసలో 240, 268, 231 అన్న అంకెలున్నాయి, ఉండవలసినదానికంటే ఎక్కువ. మిగిలిన వరుసలు ఒక మోస్తరుగా ఉన్నాయి. ప్రతి రాత్రి తొమ్మిదిన్నరకు తప్పకుండా రోజంతా నెమ్మదిగా పనిచేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 20 యూనిట్లు వేసుకుంటున్న మనిషికి, అదే మోతాదు ఒక వేళకు ఎక్కువై, ఇంకో వేళకు తక్కువై, రెండు వైపులా తప్పుతోందని ఆ రెండు వరుసలు చెబుతున్నాయి. దాన్ని చదవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నాకు టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని జబ్బు, ఉన్నట్లు 1995లో, 12వ ఏట, విశాఖపట్నంలో తెలిసింది. అప్పట్లో రోజంతా పనిచేయడానికి ఇచ్చినది పాలు కలిపిన నీళ్లలా మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్. డెన్మార్క్ శాస్త్రవేత్త హాగెడార్న్ ప్రయోగశాలలో 1946లో రూపొందిన ఆ మందును వేసుకునే ముందు సీసాను రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలి. కుదిపితే నురగ వస్తుంది, దొర్లించకపోతే మందు అడుగున ఉండిపోతుంది. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. పొరపాటున 100 యూనిట్ల సిరంజితో తీసుకుంటే మోతాదు సగంకంటే తక్కువకు పడిపోతుందని నాన్న గోడమీద కాగితం రాసి అంటించారు. 2007లో గ్లార్జిన్ పెన్నుకు, అంటే అంకె తిప్పి మోతాదు పెట్టుకునే సూది పరికరానికి, మారాను. నీళ్లలా తేటగా ఉండి, దొర్లించే పనిలేని ఆ మందు నా జీవితాన్ని ఎంత తేలిక చేసిందో నేను మరచిపోలేను. కాబట్టి ఇక్కడ రాస్తున్నది ఒక మందు మంచిదనీ మరొకటి చెడ్డదనీ చెప్పడానికి కాదు. 17 ఏళ్లు నాకు అండగా నిలిచిన మందు నుంచి మరొక మందుకు మారేటప్పుడు ఏం జరిగిందో, ఏది ముందే తెలిసి ఉంటే బాగుండేదో చెప్పడానికి.

గ్లార్జిన్ పెన్నులో ఆమ్లంగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లగానే అక్కడి తటస్థ వాతావరణంలో సన్నని రేణువులుగా పేరుకొని, ఆ రేణువులు నెమ్మదిగా కరుగుతూ రోజంతా ఇన్సులిన్‌ను వదులుతాయి. సూది వేసుకున్నప్పుడు కొందరికి చురుక్కుమనడం కూడా ఆ ఆమ్లం వల్లనే. చాలామందికి అది 24 గంటలు సరిపోతుంది. కొందరికి ఇరవై, ఇరవైరెండు గంటలకే సన్నగిల్లుతుంది. నేను ఆ కొందరిలో ఒకదాన్ని. తొమ్మిదిన్నరకు వేసుకున్న మందు అర్ధరాత్రి దాటాక నా ఒంట్లో కాస్త గట్టిగా పనిచేసి మూడు గంటలకు షుగర్‌ను కిందికి లాగేది. మర్నాడు సాయంత్రం ఆరు దాటేసరికి బలం తగ్గి, రాత్రి భోజనానికి ముందే షుగర్ పైకి పోయేది. మోతాదు పెంచితే సాయంత్రం బాగుపడి రాత్రి ప్రమాదమయ్యేది. తగ్గిస్తే రాత్రి బాగుపడి సాయంత్రం పాడయ్యేది. డాక్టరు గారి సలహాతో ఒకసారి ఉదయం ఏడుకు మార్చి చూశాను. అప్పుడు మందు సన్నగిల్లే వేళ తెల్లవారుజాముకు జరిగి, లేచేసరికి 230 ఉండేది. ఉదయం కొంత, రాత్రి కొంత చేసి రెండుసార్లు వేసుకున్న మూడు నెలలు కొంత నయం. కానీ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలినైన నాకు ఉదయపు హడావిడిలో వారానికి ఒకసారైనా ఆ సూది తప్పిపోయేది, తప్పిన రోజు మరింత పాడయ్యేది.

ఫిబ్రవరి 18 రాత్రి జరిగింది నాకు సగమే గుర్తుంది. మిగతాది మావారు చెప్పారు. మూడు గంటలకు ఆయన అలారం మోగి లేచి చూస్తే నా జాకెట్టు చెమటతో తడిసి ఉందట, నేను ఏదో గొణుగుతున్నానట, షుగర్ 38. గ్లూకోజ్ నీళ్లు తాగమంటే గ్లాసు తోసేశానని, పావుగంట బతిమాలి తాగించానని చెప్పారు. గుమ్మంలో మా అమ్మాయి నిలబడి చూస్తూ ఉందని కూడా చెప్పారు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ 38 కాదు, నాకు తెలియకపోవడం. పదేళ్ల కిందట 65కే చేతులు వణికి, ఆకలి ముంచుకొచ్చి, మెలకువ వచ్చేసేది. షుగర్ తరచూ పడిపోతూ ఉంటే శరీరం ఆ హెచ్చరికలు చేయడం మానేస్తుందని డాక్టరు గారు చాలాసార్లు చెప్పారు. ఆ రాత్రితో ఆ మాట నాకు అర్థమైంది.

మార్చి మొదటి వారంలో పుస్తకం తీసుకొని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. రెండు వరుసలనూ పెన్సిలుతో చుట్టి, "చూడమ్మా, ఇక్కడ మోతాదు మార్చి లాభం లేదు, మందే మార్చాలి" అన్నారు. గ్లార్జిన్ కంటే ఎక్కువసేపు పనిచేసే డెగ్లుడెక్ అనే ఇన్సులిన్ పేరు అప్పటికే విన్నాను. అయినా అమ్మ అడిగిన ప్రశ్నే నా మనసులోనూ ఉంది: "ఆ మందు మీద ఇన్నేళ్లు బతికావు కదే, ఇప్పుడెందుకు మార్చడం?" నా విషయంలో ఉపయోగం ఉంటుందని ఏమిటి ఆధారమని అడిగాను. టైప్ 1 ఉన్న 501 మంది పెద్దవాళ్లపై ఈ రెండు మందులనూ ఒకదాని తరువాత ఒకటి వాడించి పోల్చిన పరిశోధన 2017లో ప్రచురితమైందని, డెగ్లుడెక్ వాడిన కాలంలో రాత్రిపూట లక్షణాలతో షుగర్ పడిపోయిన సందర్భాలు మూడోవంతుకు పైగా తగ్గాయని ఆవిడ చెప్పారు. పూర్తిగా పోలేదు, తగ్గాయి. ఆ తేడాను దాచకుండా చెప్పినందుకే నాకు ధైర్యం వచ్చింది.

ఆ తరువాత ఆవిడ మందుల చీటీ వెనక్కి తిప్పి పూసల దండలా ఒక బొమ్మ గీశారు. డెగ్లుడెక్ అణువులు చర్మం కిందికి చేరాక ఒకదానికొకటి అతుక్కొని పొడవాటి గొలుసులవుతాయి. గొలుసును పట్టి ఉంచే జింకు మెల్లగా జారిపోతుంటే చివరల నుంచి ఒక్కొక్క అణువే విడివడి రక్తంలోకి వెళుతుంది. అలా వెళ్లినవి కూడా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీనును పట్టుకొని కాస్త ఆలస్యంగా పనిలోకి దిగుతాయి. అందుకే దాని ప్రభావం 42 గంటలు దాటి ఉంటుందని, వేసుకున్న మోతాదు సగం కావడానికి సుమారు 25 గంటలు పడుతుందని చెప్పారు. ఆ 25 గంటల మాట అప్పుడు విని ఊరుకున్నాను. తరువాతి ఐదారు రోజులు నాకు దారి చూపింది మాత్రం ఆ ఒక్క అంకే.

మోతాదు దగ్గర ఆవిడ చాలాసేపు ఆలోచించారు. రోజుకు ఒకసారి గ్లార్జిన్ వాడే పెద్దవాళ్లకు అదే సంఖ్యతో మొదలుపెట్టడం మామూలేనట. నా రాత్రుల పరిస్థితి చూసి ఐదోవంతు తగ్గించి 16తో మొదలుపెడదామన్నారు. పెట్టిన షరతులు మూడే: మొదటి వారం నేను ఇంట్లోనే ఉండాలి, చేతికి షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్ ఉండాలి, ఆవిడను అడగకుండా మోతాదు మార్చకూడదు. బడికి వేసవి సెలవులు ఇచ్చాక, ఏప్రిల్ చివరి శనివారానికి ముహూర్తం పెట్టుకున్నాం. ఈలోగా మిగిలిపోయిన గ్లార్జిన్ పెన్నును ఫ్రిజ్‌లోంచి తీసి వేరే డబ్బాలో పెట్టి మూతమీద "వాడకూడదు" అని రాశాను. రెండు రాత్రి ఇన్సులిన్లు ఒకే చోట ఉంటే ఎప్పుడో ఒకసారి రెండూ వేసుకోవడం జరుగుతుంది. భోజనానికి ముందు వేసుకునే, త్వరగా పనిచేసే ఇన్సులిన్ పెన్ను వంటింట్లోనే ఉండాలని, రాత్రి పెన్ను పడకగదిలోనే ఉండాలని, దానికి ఎప్పుడూ రబ్బరు బ్యాండు చుట్టి ఉండాలని ఇంట్లో అందరికీ చెప్పాను. చీకట్లో చేతికి తగిలే గుర్తు అది. 16 యూనిట్లు పొరపాటున త్వరగా పనిచేసే పెన్నుతో పడితే ఏమవుతుందో టైప్ 1 ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు చివరి గ్లార్జిన్. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదటి డెగ్లుడెక్. చురుక్కుమనలేదు. ఆ రాత్రి 2.40కి సెన్సర్ 54 చూపిస్తూ గట్టిగా మోగింది. మావారు గ్లూకోజ్ కలిపి తెచ్చేలోపు వేలు గుచ్చి చూస్తే 112. సెన్సర్ ఉన్న చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడ రక్తప్రసారం తగ్గి తప్పుడు అంకె వస్తుందని చదివాను కానీ ఎదురుకావడం అదే మొదటిసారి. సెన్సర్ మోగిన ప్రతిసారీ, చెమట, వణుకు వంటివి లేకపోతే, వేలితో సరిచూసుకున్నాకే తినాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాం.

ఆదివారం ఉదయం 171. సాయంత్రానికి 250. సోమవారం ఉదయం పరగడుపున 214. నాకు గుండె జారిపోయింది. రాత్రిళ్లు పడిపోవడం తగ్గించుకోబోయి పగలంతా పైన ఉండే స్థితి తెచ్చుకున్నానా అనిపించింది. మూత్రంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు, చూశాను, అతి స్వల్పంగా ఉన్నాయి. ఆ రాత్రి నుంచి 20 వేసుకుంటాను అని చెప్పడానికే డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆవిడ విని, "నీళ్లు బాగా తాగు, భోజనం ముందు వేసుకునేదానితో ఒక్కొక్క యూనిట్ కలుపుకో, కీటోన్లు పెరిగితే వెంటనే చెప్పు. రాత్రి మోతాదు మాత్రం గురువారం దాకా ముట్టుకోకు" అన్నారు. కారణం అడిగితే, "నేను చెప్పిన 25 గంటలు నువ్వే లెక్క కట్టి చూడమ్మా, లెక్కల టీచరువి కదా" అన్నారు.

కాగితం తీసుకొని కూర్చున్నాను. 25 గంటల్లో సగమవుతుందంటే, ఒక రాత్రి నుంచి మరుసటి రాత్రికి కాస్త అటూ ఇటూగా సగం మిగులుతుంది. శనివారం సూది వేసుకున్నాక ఒంట్లో ఉన్నది 16. ఆదివారం రాత్రికి అందులో 8 మిగిలి, కొత్తగా 16 చేరితే 24. సోమవారం 12 మిగిలి, 16 చేరితే 28. మంగళవారం 30, బుధవారం 31. అలా 32కు దగ్గరవుతూ అక్కడ నిలకడ పొందుతుంది. ఏటా పదో తరగతిలో గుణశ్రేఢి బోధిస్తూ వచ్చాను. సామాన్య నిష్పత్తి ఒకటి బై రెండు అయిన శ్రేఢి ఎన్నోసార్లు నల్లబల్లమీద వేశాను. అది నా ఒంట్లోనే నడుస్తోందని ఆ సోమవారం తెలిసింది. ఆదివారం నా షుగర్ 250కి పోవడంలో ఆశ్చర్యం లేదు: పాత మందు అయిపోయింది, కొత్త మందు చేరవలసిన మట్టంలో సగమే చేరింది. దానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో లెక్క. ఆ రాత్రి నేను 20 వేసుకొని అలాగే కొనసాగిస్తే, మట్టం 32 దగ్గర కాక 40 దగ్గర నిలుస్తుంది. పెన్నుమీద నాలుగు పెంచితే ఒంట్లో ఎనిమిది పెరుగుతాయి, ఆ పెరుగుదల పూర్తిగా కనబడేది గురు శుక్రవారాల్లో. అప్పటికి దానికి కారణం సోమవారం నాటి భయమని నాకు గుర్తు కూడా ఉండేది కాదు. పెన్నుమీద తిప్పే అంకె వేరు, ఒంట్లో పనిచేస్తున్న మోతాదు వేరు అన్న ఈ సంగతి ఒక్కటి మారేముందే ఎవరైనా కాగితంమీద వేసి చూపించి ఉంటే ఆ రెండు రోజులు నాకు అంత కంగారు ఉండేది కాదు.

మంగళవారం ఉదయం 176, బుధవారం 143, గురువారం 126. లెక్క తప్పలేదు. పదో రోజుకు ఉదయపు సగటు 148 దగ్గర ఆగడంతో ఒక్క యూనిట్ పెంచి 17 చేశారు. ఆ మార్పు తేలడానికి మళ్లీ నాలుగు రోజులు ఆగాం. ఇప్పటికీ అదే మోతాదు.

అయితే అసలు నేర్చుకున్నది రెండోవారంలో. రాత్రి మూడు గంటల అంకెలు 110, 118 అంటూ నిలకడపడ్డాయి కానీ, తొమ్మిదో రాత్రి, పదకొండో రాత్రి పదిన్నర ప్రాంతంలో 63, 57 వచ్చాయి. కొత్త మందే కారణమని అనుకున్నాను. డాక్టరు గారు మాత్రం రాత్రి భోజనానికి ఎంత వేసుకుంటున్నావని అడిగారు. రెండు చపాతీలు, కూర, గ్లాసు మజ్జిగ కలిపి నేను లెక్కవేసుకునే పిండిపదార్థం 48 గ్రాములు. మధ్యాహ్నం 12 గ్రాములకు ఒక యూనిట్ చొప్పున వేసుకుంటాను. రాత్రికి మాత్రం 8 గ్రాములకు ఒకటి చొప్పున ఆరు యూనిట్లు. నాకు రాత్రిపూట ఇన్సులిన్ ఎక్కువ కావాలని పదేళ్లుగా నమ్ముతున్నాను, అలా అని కొత్తగా టైప్ 1 వచ్చిన పిల్లల తల్లులకు కూడా చెప్పాను. నిజానికి ఆ ఆరులో రెండు యూనిట్లు చపాతీల కోసం కాదు. సాయంత్రం సన్నగిల్లిన గ్లార్జిన్ వదిలిన ఖాళీని అవి పూడుస్తున్నాయి. ఇప్పుడు ఖాళీ లేదు కాబట్టి ఆ రెండూ నన్ను కిందికి లాగుతున్నాయి. రాత్రికి కూడా 12కు ఒకటి చేసి, నాలుగు యూనిట్లకు తగ్గాను. అప్పటితో పదిన్నర అంకెలు సర్దుకున్నాయి. రాత్రి ఇన్సులిన్ మార్చుకునేవాళ్లు భోజనపు ఇన్సులిన్ లెక్కలు యథాతథంగా ఉంటాయనుకోకూడదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పాత మందు లోపాలకు అలవాటుపడి మనం ఏళ్ల తరబడి వేసుకున్న మాసికలు కొత్త మందు వచ్చాక ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మే మూడో వారంలో ఆవిడ ఒక పరీక్ష చేయమన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేశాక మర్నాడు ఉదయం దాకా పిండిపదార్థం తినకూడదు, భోజనపు ఇన్సులిన్ వేసుకోకూడదు. రాత్రి మందు మామూలు వేళకే వేసుకొని, సాయంత్రం నుంచి రెండేసి గంటలకొకసారి షుగర్ రాయాలి. 30 కంటే ఎక్కువ పెరగకుండా, పడకుండా ఉంటే రాత్రి మోతాదు సరిపోయినట్లు. 70కి దగ్గరైతే పరీక్ష ఆపేసి తినేయాలి. అది సోమవారం. కార్తీక సోమవారాలు నేను ఎప్పుడూ ఉపవాసం ఉండలేదు; 1995 నుంచి నా పేరు చెప్పుకొని అమ్మే ఉంటోంది. ఆ రోజు వేసవి మధ్యలో అమ్మ కూడా నాతోపాటు రాత్రి భోజనం మానేసింది, వద్దన్నా వినలేదు. ఆరు గంటలకు 128, ఎనిమిదికి 131, పదికి 124, పన్నెండుకు 119, రెండుకు 122. రెండుగంటల అంకె చూసి అమ్మ ఏమీ అనలేదు, నా తల నిమిరి వెళ్లి పడుకుంది. ఒక పూట తినకపోతే షుగర్ పడిపోతుందన్న భయం లేకుండా 29 ఏళ్లలో నేను గడిపిన మొదటి రాత్రి అదే.

మందు నిల్వ గురించి కొంత చెప్పాలి. గ్లార్జిన్ పెన్ను తెరిచాక 28 రోజులు, డెగ్లుడెక్ ఎనిమిది వారాలు వాడుకోవచ్చు. అయితే రెండింటికీ 30 డిగ్రీలు దాటని చోటు కావాలి, విశాఖలో మే నెల గదికి అది సాధ్యం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధికి వారం దాటినా కరెంటు రాలేదు. ఇన్సులిన్‌ను మట్టికుండలో ఇసుక పోసి, తడిగుడ్డ చుట్టి దాచుకున్నాం. తీరప్రాంతంలో గాలి తేమగా ఉంటుంది కనుక గుడ్డ త్వరగా ఆరదు, లోపల అనుకున్నంత చల్లబడదు. రాయలసీమలోని మా బంధువులకు అదే కుండ బాగా పనిచేస్తుంది. డెగ్లుడెక్‌లో నాకు నచ్చిన ఒక చిన్న సౌకర్యం, వాడుతున్న పెన్నును కూడా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, డీప్ ఫ్రీజర్‌కు తగలకుండా. సూది మాత్రం ప్రతిసారీ తీసేసి పెట్టాలి. ఖర్చు విషయానికొస్తే, నాకు గ్లార్జిన్‌కయ్యేదానికంటే ఎక్కువే అవుతోంది. అది భరించలేక మంచి మందుకు దూరంగా ఉన్నవాళ్లు ఎందరో నాకు తెలుసు, ఆ బాధ ఇది రాస్తున్నప్పుడూ నాతోనే ఉంది.

జూన్‌లో ఒకరాత్రి రైలు ప్రయాణంలో పెన్ను పై బెర్తు సంచిలో ఉండిపోయి, తొమ్మిదిన్నర మోతాదు మరచిపోయాను. గ్లార్జిన్ రోజుల్లో అయితే తెల్లారేసరికి 300 ఉండేది. ఉదయం ఎనిమిదికి చూస్తే 158. తప్పిన మోతాదు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చని, రెండు మోతాదుల మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉండాలని ముందే చెప్పి ఉన్నారు. ఎనిమిదికి 17 వేసుకొని, మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకు యథాప్రకారం వేసుకున్నాను. ఆ ఒక్కరోజు మట్టం కాస్త పెరుగుతుంది కాబట్టి పడుకునే ముందు రెండు బిస్కట్లు తిన్నాను.

ఇదే నిలకడ ఒకచోట ఇబ్బంది కూడా. ఆషాఢ శుద్ధ చతుర్దశికి సింహాచలం గిరిప్రదక్షిణ చేయాలని నాకు చిరకాల కోరిక. 32 కిలోమీటర్లు. 2018లో ప్రయత్నించి, 52కు పడిపోయి సగం దారిలో ఆగిపోయాను. గ్లార్జిన్‌తో అయితే ఎక్కువ నడక ఉన్న రోజు ముందురాత్రి మోతాదు తగ్గిస్తే చాలు, మర్నాటికి ఫలితం కనబడుతుంది. ఈ సౌలభ్యం కొత్త మందుకు లేదు. ఒక రాత్రి తగ్గించినా అంతకుముందు రోజులది ఒంట్లో ఉంటుంది. మళ్లీ కాగితం తీశాను: 17 చొప్పున మట్టం 34. 14కు తగ్గిస్తే మొదటి రాత్రికి 31, రెండో రాత్రికి 29.5, మూడో రాత్రికి సుమారు 29. అంటే నడకకు మూడు రోజుల ముందే మొదలుపెడితే ఆ రోజుకు ఏడోవంతు తగ్గుతుంది. డాక్టరు గారు లెక్క చూసి ఒప్పుకున్నారు. అది చాలదని, దారిలో గంటకు 20 గ్రాముల పిండిపదార్థం ఇన్సులిన్ లేకుండా తినాలని, ఒంటరిగా నడవకూడదని చెప్పారు.

సాయంత్రం నాలుగు గంటలకు కొండ కింది తొలిమెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. నడుముకు కట్టుకున్న సంచిలో గ్లూకోజ్ పొడి, బిస్కట్లు, అరటిపళ్లు, మీటరు, రెండు పెన్నులు. అడవివరం, హనుమంతవాక దాటాం. దారిపొడవునా పులిహోర, మజ్జిగ, పళ్లు చేతికిచ్చేవాళ్లే. పులిహోర దోసెడు తిని సూది వేసుకోకపోవడం నాకు కొత్త. అప్పూఘర్ దాటాక, సముద్రపు గాలిలో ఒక అరుగుమీద కూర్చొని, తొమ్మిదిన్నరకు 14 యూనిట్లు వేసుకున్నాను. మాధవధార దగ్గర, రాత్రి ఒంటిగంట దాటాక, 88కి వచ్చింది. ఆ రాత్రంతా అదే అతి తక్కువ. గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ చేరేసరికి తెల్లవారుతోంది, మీటరులో 116. ఎక్కువగా నడిచిన కండరాలు మర్నాడు కూడా చక్కెరను లాక్కుంటాయి కనుక ఆ రాత్రి కూడా 14 మీదే ఉన్నాను. అయినా మూడు గంటలకు 79 చూసి నాలుగు బిస్కట్లు తిన్నాను.

మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 8.1 నుంచి 7.7కు తగ్గింది. ఆ అంకె ఒక్కటే చూసేవారికి ఇది పెద్ద మార్పు కాదు. కానీ అంతకుముందు సగటులో 49లూ 268లూ కలిసి ఉండేవి, ఇప్పుడు లేవు. ఇంకో సంగతి ఏ పరీక్షలోనూ కనబడదు. జూలై చివర్లో ఒక మధ్యాహ్నం తరగతిలో ఉండగా అకస్మాత్తుగా చేతులు వణికి, నుదుటిమీద చెమట పట్టింది. కూర్చొని చూసుకుంటే 66. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొన్ని వారాలపాటు షుగర్ పడిపోకుండా చూసుకుంటే పోయిన హెచ్చరికలు తిరిగి రావచ్చని డాక్టరు గారు అన్నది నిజమైంది. పిల్లలు కంగారుపడి నీళ్లు తెచ్చారు; నాకు ఆ వణుకు చిన్ననాటి నేస్తం తలుపు తట్టినట్లు ఉంది.

తెల్లవారుజాము పెరుగుదల మాత్రం పోలేదు. నాలుగు నుంచి ఏడు గంటల మధ్య ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల కాలేయం చక్కెరను వదులుతుంది, రోజంతా ఒకే తీరుగా పనిచేసే ఏ మందూ ఆ మూడు గంటలకు మాత్రం ఎక్కువ పనిచేయదు. నాకు అది 40 దాకా ఉంటోంది. లేవగానే, కాఫీకి ముందు, త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక యూనిట్ వేసుకుంటున్నాను. గంటగంటకూ మోతాదు మార్చగల ఇన్సులిన్ పంపు గురించి డాక్టరు గారు ప్రస్తావించారు. దాని ఖర్చు, నిర్వహణ తెలుసుకుంటున్నాం, వచ్చే వేసవి సెలవులదాకా ఆగుదామని అనుకున్నాం. ఈలోగా షుగర్ పుస్తకం కొత్తది మొదలుపెట్టాను. రాత్రి మూడు గంటల వరుస గీశాను కానీ, అందులో వారానికి ఒక్క అంకె మాత్రమే ఉంటోంది. ఆదివారం రాత్రి మావారు లేచి చూసేది.